రెండు గంటల సున్నా

గేటు దగ్గర బజరు మోగబోతోందని తెలిసి హైమవతి ముందే పళ్ళు బిగబట్టింది. టికెట్టు కార్డు తాకించగానే ఆ యంత్రం కుయ్యిమని అరుస్తుంది. అరుపు పడేది ఎనిమిదేళ్ళ మౌక్తిక చెవిలోనే గానీ, దెబ్బ తగిలేది పిల్లకి కాదు, తల్లికి. ఎడమ మణికట్టు దగ్గర మొదలై, మోచేతి మీదుగా పాకి, దవడలో దిగబడుతుంది. ఏడు నెలలుగా అలవాటైన నొప్పే అయినా, వస్తోందని తెలిసి ఎదురుచూడటం కష్టంగానే ఉంటుంది.

బజరు మోగింది. ఏమీ తగల్లేదు.

హైమవతి మణికట్టు చూసుకుంది. వ్యాను దిగుతూ కట్టుకున్న నల్లటి పట్టీ ఉన్నచోటే ఉంది. వంగి మౌక్తిక కుడిచెవి వెనక చూసింది. టోపీ అంచు కింద, రూపాయంత తెల్లటి బిళ్ళ అతుక్కుని ఉంది, దాని మీద పచ్చదీపం వెలుగుతోంది. పొద్దున జడలు వేసి బిళ్ళ పెట్టింది అమ్మమ్మే. పిల్ల తన తలమీద ఆవిడ చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడనివ్వదు.

"రెహానా, ఎంత చూపిస్తోంది?" అని కాలరుకి తగిలించిన మైకులో మెల్లగా అడిగింది.

రెహానా లాబ్ ఇంజనీరు. పార్కు బయట వ్యానులో కూర్చుని తెర చూస్తోంది. "సున్నా మేడమ్. దీపం పచ్చగానే ఉంది. పాప హాయిగా ఉంది" అని హైమవతి చెవిలో ఉన్న ఇయర్‌ఫోనులో చెప్పింది.

సున్నా. ఏడు నెలల్లో మౌక్తిక బడికీ లాబ్‌కీ తప్ప ఎక్కడికీ రాలేదు, బయటికొచ్చిన ఏ రోజూ ఆ అంకె కనపడలేదు. హైమవతి కాసేపు నమ్మలేదు. తరవాత నమ్మింది. నమ్మాలని ఉంటే నమ్మడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి?

భీమిలి దారిలో కొత్తగా కట్టిన ఆ పార్కు పేరు 'కెరటాల లోకం'. పేరు పెట్టినవాడు ఎప్పుడూ లోపలికి వచ్చినట్టు లేడు, చప్పుళ్ళ లోకం అంటే సరిగ్గా సరిపోయేది. ప్రతి స్తంభానికీ ఒక స్పీకరు, ప్రతి స్పీకరులోనూ వేరే పాట. క్లోరిన్ వాసన, మాడిన వెన్న వాసన, ఎండలో కాగిన రబ్బరు వాసన. అలల కొలనులో అరగంటకోసారి అలలు లేపేముందు ఊరంతా లేచేలా సైరన్ మోగిస్తారు. మామూలు పిల్లలే సాయంత్రానికి చిరాకుపడి ఏడుస్తారు. అలాంటిచోటికి మౌక్తికని తీసుకొచ్చారు, అదీ కావాలని.

మౌక్తిక సంగతి చెప్పాలి. పక్కింట్లో కుక్కర్ కూతేస్తే ఆ పిల్లకి చెవిలో సూది గుచ్చినట్టుంటుంది. గౌను లోపలి లేబులు కత్తిరించకపోతే వేసుకోదు. ట్యూబులైటు గుయ్యిమనడం మనకి వినపడదు, తనకి వినపడి అన్నం తినలేదు. భరించలేని స్థితి రాబోయేముందు తన కాలివేళ్ళు లోపలికి ముడుచుకుంటాయి. హైమవతి ఐదేళ్ళపాటు ఆ కాలివేళ్ళే చూస్తూ బతికింది. పెళ్ళిలో, బస్సులో, ఆస్పత్రిలో, ఎవరితో ఏం మాట్లాడుతున్నా కళ్ళు మాత్రం కిందే. వేళ్ళు ముడుచుకోగానే పిల్లని చంకనేసుకుని బయటికి పరుగు. బంధువులు పొగరనుకునేవారు, అనుకుంటే అనుకోనీ అనేది.

ఆ పరుగు తప్పించడానికే 'చేదోడు' అనే యంత్రం పుట్టింది. ప్రొఫెసర్ కూర్మారావు, ఆయన లాబ్‌లో పరిశోధన చేసే హైమవతి, నాలుగేళ్ళు దాని మీదే పనిచేశారు. పిల్లల నరాల మీద పడే అదనపు భారాన్ని తుడిచేద్దామని మొదట చూశారు. తుడిస్తే పిల్లలు కళ్ళు తిరిగి పడిపోయారు. ఆ భారం ఎక్కడికో అక్కడికి పోవాల్సిందే. పక్కనున్న మనిషి ఒంట్లోకి మళ్ళిస్తే మాత్రం పిల్లలు నిమ్మళంగా ఉన్నారు. పిల్ల చెవి వెనక బిళ్ళ లాగుతుంది, తల్లి చేతి పట్టీ పుచ్చుకుంటుంది.

మధురవాడ లాబ్‌లో మౌక్తికకి పెట్టిన మొదటి పరీక్ష రోజు రెహానా మిక్సీలో గుప్పెడు వేరుశనగలు పోసి తిప్పింది. మౌక్తిక నేలమీద కూర్చుని ఓడ బొమ్మ వేస్తోంది. తల ఎత్తలేదు. బొమ్మలో లంగరు గొలుసు ఒక్కొక్క వలయమే గీస్తూ ఉండిపోయింది. హైమవతి మాత్రం బల్ల అంచు పట్టుకుని, మిక్సీ తన పుర్రెలోనే తిరుగుతున్నట్టు వణికింది. అది ఆగాక నడవాలో ఉన్న సింకు దగ్గరికి పోయి కడుపులో ఉన్నదంతా కక్కుకుంది. ముఖం కడుక్కుంటూ నవ్వింది. పిల్ల తల ఎత్తలేదు కదా, అంతకన్నా ఏం కావాలి అనుకుంది.

ఆ తరవాత పద్నాలుగు మంది పిల్లల మీద ప్రయోగం నడిచింది. అందరి దగ్గరా మోసేది తల్లో తండ్రో. ఈ రోజుది ఆఖరి పరీక్ష. పార్కులో మూడు గంటలు. హైమవతి కాలరుకున్న చిన్న కెమెరాలోంచి అనుమతి కమిటీ వాళ్ళు హైదరాబాదులో కూర్చుని చూస్తున్నారు. మూడు గంటలూ పిల్ల నిలబడితే వచ్చే నెల నుంచి చేదోడు రెండు వందల ఇళ్ళకి వెళుతుంది. కమిటీకి కావలసింది అది. హైమవతికి కావలసింది ఒక్కటే, తన కూతురు ఈ లోకంలో తిరగగలగడం. తాను లేకపోయాక కూడా తిరగగలగడం.

పదీ ఐదుకి లోపలికొచ్చారు. పదిన్నరకి సైరన్ మోగింది. హైమవతి అలవాటుకొద్దీ స్తంభం పట్టుకుంది. ఏమీ లేదు. అందరికీ వినపడినట్టే తనకీ వినపడింది, అంతే.

"సున్నా" అంది రెహానా. గొంతులో నవ్వు వినపడుతోంది.

రంగులరాట్నం ఎక్కారు, పడవ ఎక్కారు. రాక్షసబల్లి గుహలో గోడలోంచి తల బయటికొచ్చి గాండ్రిస్తే ముందున్న పిల్లలు కేకలు పెట్టారు. మౌక్తిక గుర్రం మీద, పడవ మీద, గుహలో, వెనక్కి తిరిగి అమ్మ ముఖంలోకే చూసింది. ఫోటో తీయమంటోంది కాబోలనుకుని హైమవతి తీసింది. ఫోటోల్లో పిల్ల నవ్వుతోంది.

"బాగుందా, బంగారం?"

"బాగుంది."

ఎప్పుడూ ప్రశ్నకి ఎదురు ప్రశ్న వేసే పిల్ల అది. ఆ గుర్రానికి ఎన్ని బోల్టులున్నాయి, పడవ కింద గొలుసా బెల్టా అని ప్రాణం తీసేది. ఆ రోజు ఒక్కటీ అడగలేదు. బాగుందా అంటే బాగుంది. దాహమా అంటే వద్దు. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ ఒకే గొంతు. తల్లి గమనించాల్సింది. గమనించలేదు, ఎందుకంటే ఆమె ఆ పని మానేసి ఏడు నెలలైంది. కాలివేళ్ళు చూడక్కర్లేదు, చెయ్యి చెబుతుంది కదా. పిల్లకి ఎంత కష్టంగా ఉందో తన ఒంట్లోనే తెలుస్తుంటే ఇంక చూడటం ఎందుకు?

పైగా ఆమె సంతోషంలో ఉంది. చేదోడు మోయడం మొదలుపెట్టాక హైమవతికి కాఫీ ఇనుము రుచి వేసేది. వాసనలు సగం పోయాయి. ఇంట్లో పోపు మాడితే తన తల్లి చెప్పేదాకా తెలిసేది కాదు. ఆ రోజు నిమ్మసోడా కొనుక్కుని తాగితే నిమ్మసోడా లాగే ఉంది. ముక్కులోంచి గ్యాసు తన్నుకొస్తే నవ్వొచ్చింది, నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. పోర్టులో ఓడల్ని లాగే టగ్గు పడవ నడిపే మొగుడికి మెసేజ్ పెట్టింది: "మన పిల్ల పార్కులో ఉంది. సున్నా." డ్యూటీలో ఉండి కూడా అతను ఒక ఓడ బొమ్మా, మూడు దండాలూ పంపాడు.

పన్నెండు అవుతుండగా కూర్మారావు గొంతు చెవిలో వినపడింది. "హైమా, కమిటీ వాళ్ళు ఆశ్చర్యపోతున్నారు. యంత్రం వాడగా వాడగా పిల్ల నరాలే నేర్చుకుంటున్నాయా అని అడిగారు. అవునేమో అన్నాను. ఇంకో గంట ఓపిక పట్టు."

"ఓపికేముంది సార్, నాకేమీ తెలియడమే లేదు" అంది హైమవతి.

ఆ మాట తన నోట్లోంచే వచ్చింది. అప్పుడైనా ఆగి ఆలోచించాల్సింది.

పన్నెండుంబావుకి వెనిల్లా ఐస్‌క్రీమ్ కొంది. మౌక్తిక తినేది తెల్లటివే, రంగున్నది ముట్టదు. బల్ల దగ్గర కూర్చుని ఒకసారి నాకింది, రెండోసారి నాకింది. తెల్లటి ఐస్‌క్రీమ్ మీద సన్నగా ఎర్రటి గీత పడింది.

"అదేంటి, ఏదో సిరప్ పోశాడా?" అంది హైమవతి.

మౌక్తిక ఐస్‌క్రీమ్ అవతలి వైపుకి తిప్పేసింది. తిప్పిన చోట ఇంకో గీత పడింది.

హైమవతి చేతిలో సోడా సీసా కింద పెట్టింది. "నోరు తెరు, బంగారం."

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"నేను నీ నోట్లో వేలు పెట్టను. చూస్తానంతే. తెరు."

తెరిచింది. రెండు బుగ్గల లోపలా కొరుక్కుని కొరుక్కుని కండ ఊడి వచ్చింది. నాలుక అంతా ఎరుపు. ఎంతసేపటినుంచి ఆ రక్తం మింగుతోందో. హైమవతి పిల్ల బూట్లు విప్పింది. మేజోళ్ళలో కాలివేళ్ళు పిడికిళ్ళలా ముడుచుకుని గట్టిపడి ఉన్నాయి, సాగదీస్తే సాగలేదు.

అదే సమయానికి పార్కు మధ్యాహ్నపు ఊరేగింపు మొదలైంది. ముందు తప్పెటగుళ్ళ బృందం, గుండెల మీద రేకు తప్పెట్లు కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో ఎగిరెగిరి వాయిస్తున్నారు. వాళ్ళ మెడలో మైకులు. ఆ చప్పుడు స్పీకర్లన్నిట్లోంచీ వచ్చి పడింది. మౌక్తిక కళ్ళు పెద్దవయ్యాయి. నవ్వు మాత్రం ముఖం మీద అలాగే ఉంది.

"సున్నా మేడమ్" అంది రెహానా.

"అది అబద్ధం" అంది హైమవతి. "పిల్ల నోట్లో రక్తం వస్తోంది రెహానా. నాకేమీ అందట్లేదు."

టోపీ తీసి, చెవి వెనక బిళ్ళ ఊడదీసింది. కింద చర్మం మీద నల్లగా, మెత్తగా, బఠాణీ గింజంత మరక. బిళ్ళ అడుగునా అదే అంటుకుంది. వేలితో రాసి చూసింది. నెయ్యి దీపం మసి. వాళ్ళమ్మ ఇంట్లో స్వయంగా పట్టే కాటుక. దిష్టిచుక్క.

బిళ్ళ ఒంటిని తాకుతోందా లేదా అన్నదొక్కటే పచ్చదీపం చూస్తుంది. లాగుతోందా అని చూడదు. మధ్యలో మసీ నెయ్యీ పొర పడితే బిళ్ళ తాకుతూనే ఉంటుంది, లాగడం మాత్రం ఉండదు. అంటే పదీ ఐదు నుంచి, బజరూ, సైరన్లూ, గుహా, రబ్బరు కంపూ, స్పీకర్లూ, అన్నీ పూర్తిగా ఆ ఎనిమిదేళ్ళ పిల్ల ఒంటి మీదే పడ్డాయి. రెండు గంటల పది నిమిషాలు.

హైమవతి చున్నీ అంచుతో చెవి వెనక తుడిచింది, బిళ్ళ తుడిచింది, మళ్ళీ పెట్టింది.

మెల్లగా రావాల్సింది ఒక్కసారే వచ్చింది. తప్పెట్లు ఆమె పక్కటెముకల మీద మోగాయి. ఎండ కళ్ళలో గుచ్చుకుంది. ఒంటి మీద బట్ట ప్రతి పోగూ విడివిడిగా గీరింది. బల్ల పక్కనే కూలబడింది. నేలమీద పడి కూడా పిల్ల చెయ్యి వదల్లేదు. నూట ఇరవై అడుగుల్లో గేటుంది, ఇలా పాకైనా పోవచ్చు, ఇది నేనే మొయ్యాలి, ఇన్నాళ్ళూ మోశాను కదా అనుకుంది.

"నూటికి తొంభై ఆరు" అని రెహానా అరిచింది. "మేడమ్, పట్టీ తీసెయ్యండి."

కూర్మారావు అందుకున్నాడు. "హైమా, ఏం చేశావు అక్కడ? యాభై నిమిషాలే ఉంది. పిల్ల బాగానే ఉంది కదా."

హైమవతి కాలరు మీద ఉన్న కెమెరా, మైకు, చెవిలోది, మూడూ పీకి పారేసింది.

అప్పుడు మౌక్తిక ముఖం మీద నవ్వు పోయింది. నేలమీదున్న అమ్మని చూసింది, అమ్మ చేతి పట్టీ చూసింది. తన చెవి వెనక్కి చెయ్యి పోనిచ్చి బిళ్ళ పీకేసి పిడికిట్లో బిగించింది.

"పెట్టుకో, బంగారం. అమ్మకి ఏం కాదు. పెట్టుకో."

"వద్దు."

"మౌక్తీ, ఇటివ్వు."

"నీకొద్దు" అంది పిల్ల. ఆ మాటతోపాటు నోట్లోంచి రక్తం గడ్డం మీదికి కారింది. తరవాత మొదలైంది అరుపు. రెండు గంటలపాటు లోపల బిగబట్టిందంతా బయటికొచ్చింది. చుట్టూ జనం ఆగి చూశారు. ఒకాయన ఫోను ఎత్తాడు.

బిళ్ళ లాక్కుని మళ్ళీ పెట్టాలా, వద్దా? పెడితే తను లేవలేదు, పిల్లని బయటికి చేర్చేవాళ్ళు ఉండరు. పెట్టకపోతే ఇదంతా పిల్ల మీదే. హైమవతి ఒక్క క్షణం ఆలోచించి పట్టీ విప్పి బల్ల కింద విసిరేసింది. చున్నీ తీసి పిల్ల తల నుంచి భుజాల దాకా రెండు చుట్లు గట్టిగా చుట్టి, రొమ్ముకి అదిమి ఎత్తుకుంది. యంత్రం లేని రోజుల్లో ఎత్తుకున్నట్టే ఎత్తుకుంది. అప్పటికన్నా పిల్ల బరువెక్కింది. ఊరేగింపు గేటు వైపే నిండిపోయి ఉంది, ఎటూ దారి లేదు.

చీపురు పట్టుకున్న ఒకావిడ ఎదురొచ్చింది. పార్కు నీలిరంగు కోటు మీద పైడితల్లి అని పేరుంది. "ఏటమ్మా, పాపకి ఒంట్లో బాగోలేదేటి?"

"చప్పుడు లేని చోటు కావాలి. ఎక్కడైనా సరే."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. "నా ఎనకాల రా" అని అలల కొలను వెనక్కి తీసుకుపోయి ఒక గది తలుపు తీసింది. లైఫ్ జాకెట్లు దాచే గది. నేల నుంచి పైకప్పు దాకా లావుపాటి జాకెట్ల గుట్టలు. తలుపు వేయగానే తప్పెట్లు ఎక్కడో పక్క ఊళ్ళో మోగుతున్నట్టయ్యాయి.

హైమవతి జాకెట్ల మధ్య పిల్లని పడుకోబెట్టి, మీద ఇంకో పది జాకెట్లు పరిచి, వాటి మీద తన బరువు ఆనించి పడుకుంది. మౌక్తిక నలభై నిమిషాలు అరిచింది. అరుపు ఏడుపైంది, ఏడుపు వెక్కిళ్ళైంది. పైడితల్లి తలుపుకి బయట వీపు ఆనించి నిలబడి, వచ్చినవాళ్ళని వచ్చినట్టే తిప్పి పంపింది.

చాలాసేపటికి జాకెట్ల కిందనుంచి చిన్న గొంతు వచ్చింది. "నీ చెయ్యికి ఏం రాలేదు కదా?"

"ఎప్పుడు?"

"గుర్రం అప్పుడు. బల్లి అప్పుడు. సైరన్ అప్పుడు."

"రాలేదు."

"నేను లోపలే పట్టుకున్నాను. బయటికి పోనిస్తే నీ చేతిలోకి వస్తుంది. మిక్సీ రోజు నువ్వు కక్కుకున్నావు, నేను చూశాను. అందుకే ఈసారి పోనివ్వలేదు. నీ ముఖం చూసుకుంటూ పట్టుకున్నాను. నువ్వు సోడా తాగి నవ్వావు కదా, అప్పుడు గెలిచాననుకున్నాను."

ఆ రెండు గంటల్లో అంతలా నవ్వినందుకు హైమవతికి తన మీద తనకే అసహ్యం వేసింది. జాకెట్ల సందులోంచి చెయ్యి పోనిచ్చి పిల్ల కాలివేళ్ళు పట్టుకుని ఒక్కొక్కటే నిమిరింది. ఏడుస్తున్నానని పిల్లకి తెలియకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

మూడు గంటలకి లాబ్‌కి చేరారు. పైడితల్లి ఇచ్చి పంపిన లైఫ్ జాకెట్ విప్పనివ్వకుండానే మౌక్తిక లోపలి గదిలో నిద్రపోయింది. హైమవతి వాళ్ళమ్మ అప్పలనరసమ్మకి ఫోను చేసి చుక్క సంగతి అడిగింది.

"ఒక్క సుక్కే ఎట్టీసినానే" అంది ఆవిడ బిక్కచచ్చిన గొంతుతో. "అంతమంది జనంలోకి ఎల్తంది పిల్ల. దిష్టి తగల్దేటి? రోజూ ఎట్టను నాను. జనంలోకి ఎల్లినప్పుడే."

"నీ తప్పేం లేదమ్మా. తరవాత మాట్లాడతాను" అని పెట్టేసింది.

కూర్మారావు చెడ్డవాడు కాదు. పిల్ల నోటి సంగతి విన్నాక ఆయన కాసేపు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. లోపలికెళ్ళి నిద్రపోతున్న పిల్లని తలుపు దగ్గర్నుంచే చూసి వచ్చాడు.

"ఈ రోజు ప్రయోగం పోయినట్టే. పోనీ" అన్నాడు. "కానీ హైమా, యంత్రంలో లోపం లేదు. బిళ్ళ పెట్టేముందు చర్మం తుడవండి అని ఒక వాక్యం రాస్తే చాలు. మిగతా పదముగ్గురు పిల్లల లెక్కలు బంగారంలా ఉన్నాయి. అనకాపల్లి పాప కుందన సంగతే చూడు, పెళ్ళిలో నాలుగు గంటల ఇరవై నిమిషాలు సున్నా."

హైమవతి తల ఎత్తింది. జనంలోకి ఎల్లినప్పుడే అన్న తల్లి మాట చెవిలో ఉంది ఇంకా.

"రెహానా, అందరివీ తియ్యి. ఎక్కడెక్కడ సున్నా పడిందో ఆ తేదీలు చెప్పు. ఆ రోజు పిల్లలు ఎక్కడున్నారో కూడా."

రెహానా కీబోర్డు మీద టకటకా కొట్టింది. మొదటిది చెప్పింది: తమ్ముడి అన్నప్రాసన. రెండోది సత్యనారాయణ వ్రతం. తరవాత ఒక గృహప్రవేశం, సింహాచలం కొండ మీద చందనోత్సవం, ఒక పుట్టినరోజు. చెబుతున్నకొద్దీ రెహానా గొంతు తగ్గిపోయింది. మొత్తం పంతొమ్మిది రోజులు. బడికి వెళ్ళిన రోజు ఒక్కటీ లేదు, బస్సెక్కిన మామూలు రోజు ఒక్కటీ లేదు. ముస్తాబు చేసి నలుగురిలోకి తీసుకెళ్ళిన రోజులే అన్నీ.

ఆ రోజుల గురించి వాళ్ళు ఒక వ్యాసం కూడా అచ్చువేశారు. అయినవాళ్ళ మధ్య, పండగ వాతావరణంలో ఈ పిల్లలకి భారం దానంతటదే తగ్గుతోందని, ఇది ఊహించని శుభపరిణామమని. అందులో మొదటి పేరు కూర్మారావుది, రెండోది హైమవతిది. కుందన పెళ్ళి వీడియో కమిటీకి చూపించినప్పుడు, బ్యాండుమేళం పక్కనే పట్టు పరికిణీలో కదలకుండా కూర్చున్న పదేళ్ళ పిల్లని చూసి గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. హైమవతి కూడా కొట్టింది.

కూర్మారావు కళ్ళజోడు పెట్టుకోబోయి మళ్ళీ తీశాడు. "ఇది ఊహే కదా ఇంకా. రేపు అందరినీ పిలిపించి నెమ్మదిగా..."

"రేపు ఏ ఇంట్లో ఏ పేరంటం ఉందో సార్. ఇప్పుడే అందరికీ ఫోను చేస్తాను."

"కమిటీకి ఏం చెప్పను?"

"జరిగింది చెప్పండి."

కుందన తల్లి నాగరత్నం రెండో రింగుకే ఎత్తింది. మేడమ్ స్వయంగా ఫోను చేసినందుకు సంబరపడిపోయింది. మీ పాప ఎలా ఉందండీ, పార్కు పరీక్ష అయిందా, యంత్రాలు మాకు ఉంచేస్తారా అని వరసగా అడిగింది.

"నాగరత్నం గారూ, ఒక సంగతి గుర్తుచేసుకుని చెప్పాలి. మీ చెల్లెలి పెళ్ళిరోజు, బిళ్ళ పెట్టేముందు కుందనకి దిష్టిచుక్క పెట్టారా?"

"పెట్టానండీ. అంత ముస్తాబు చేశాక పెట్టకుండా ఎలాగ?"

"ఎక్కడ పెట్టారు?"

"చెవి వెనకాల. నుదుటి మీదా బుగ్గ మీదా ఏమీ పెట్టొద్దు, కెమెరాకి ముఖం శుభ్రంగా కనపడాలి అని మీరిచ్చిన కాగితంలో ఉంది కదండీ. కింద మీ సంతకం కూడా ఉంది. అందుకని కనపడనిచోట పెట్టాను. ఏమండీ, తప్పు చేశానా?"

ఆ కాగితం హైమవతే రాసింది. ఒక మధ్యాహ్నం, టీ తాగుతూ, పది నిమిషాల్లో రాసింది. చుక్క పెట్టొద్దంటే మానేస్తారనుకుంది. తన సొంత తల్లి కూడా మానదని అప్పుడు తోచలేదు.

"మీరు కాదు. నేను చేశాను" అంది. "ఆ రోజు బిళ్ళ పని చెయ్యలేదమ్మా."

"అదేంటండీ? నాలుగు గంటలు కదలకుండా కూర్చుంది. పెళ్ళికొచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. ఎంత బుద్ధిగా ఉందో అని మా అత్తగారు కూడా..."

నాగరత్నం ఆగిపోయింది. అవతల గోడ గడియారమో, కుళాయో, ఏదో చిన్న చప్పుడు వినపడుతోంది.

"అయితే ఆ మేళం..." అంది నాగరత్నం.

"మీకేమీ రాలేదు కదా ఆ రోజు?"

"రాలేదు."

"అంతా తనకే."

ఫోను కట్టయిందేమోనని హైమవతి తెర చూసింది. కట్టవలేదు.

"ఒక్కసారి అడిగిందండీ" అంది నాగరత్నం చివరికి. "అమ్మా, లేవనా అని ఒక్కసారే అడిగింది. తాళి కట్టాక లేద్దువుగానీ, నవ్వు అన్నాను. నవ్వింది."

తరవాత ఫోను ఎక్కడో పెట్టేసిన చప్పుడు. అడుగులు గబగబా దూరమయ్యాయి. ఇంకో గదిలో ఆవిడ కూతుర్ని పిలవడం వినపడింది, చాలా మెల్లగా, కుందనా, కుందనా అని. హైమవతి ఫోను పెట్టెయ్యకుండా చెవి దగ్గరే ఉంచుకుని కూర్చుంది. ఇంకా పన్నెండు ఇళ్ళకి చెయ్యాలి.